సురయ్యా పేరు, వెంకయ్య పేరు

ఆగస్టు నెల అడుగుపెట్టగానే మన వన్ టౌన్ వీధుల రంగు మారుతుంది. పంజా సెంటర్ మొదలుకొని కాళేశ్వరరావు మార్కెట్ దాకా దుకాణాల ముందు మువ్వన్నెల జెండాలు కట్టలు కట్టలుగా వేలాడుతుంటాయి. అదే రోజుల్లో మన ఫోన్లలోకి ఏటేటా ఒక సందేశం వచ్చి చేరుతుంది. జాతీయ పతాకాన్ని రూపొందించినది సురయ్యా తయ్యబ్‌జీ అనే ముస్లిం మహిళ అనీ, ఆ సత్యాన్ని ఉద్దేశపూర్వకంగా కప్పిపుచ్చారనీ దాని సారాంశం. దాని వెనకాలే మరో సందేశం వస్తుంది. అదంతా కట్టుకథ అనీ, పతాక రూపకర్త పింగళి వెంకయ్య తప్ప వేరెవరూ కారనీ అది కొట్టిపారేస్తుంది. మన ఇళ్లలోని ఆడపిల్లలు పాఠశాలలో వక్తృత్వ పోటీకి సిద్ధమవుతూ ఈ రెండింటినీ చదువుతారు. 'అమ్మీ, ఇందులో ఏది నిజం?' అని అడుగుతారు.

చరిత్ర మరచిన స్త్రీలను స్మరించుకునే ఈ శీర్షికలో సురయ్యా ప్రస్తావన ఎప్పుడో రావలసింది. పైగా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే బాధ్యత మరే ఊరి వారికన్నా బెజవాడ వారికే ఎక్కువ. వెంకయ్య గాంధీజీ చేతికి జెండా అందించినది ఈ ఊళ్లోనే. సురయ్యా జన్మించినది హైదరాబాదులో. ఇద్దరూ తెలుగునేలకు చెందినవారే. ఇద్దరిలో ఒకరిని నిలబెట్టడానికి మరొకరిని పడగొట్టవలసి రావడం మనకు శోభించదు.

మొదట ఆమె ఎవరో తెలుసుకుందాం. సురయ్యా అంటే అరబ్బీలో కృత్తికా నక్షత్రాల గుంపు. ఆమె 1919లో హైదరాబాదులో జన్మించారు. నిజాం సంస్థానానికి ప్రధానమంత్రిగా పనిచేసిన సర్ అక్బర్ హైదరీకి ఆమె మేనకోడలు వరుస. చదువుకున్న స్త్రీలు ఆ బంధువర్గానికి కొత్త కారు. అక్బర్ హైదరీ గారి సతీమణి అమీనా హైదరీ 1908 నాటి మూసీ వరదల్లో సర్వం కోల్పోయిన కుటుంబాలకు అందించిన సేవలకు కైసరే హింద్ పతకం పొందారు. సురయ్యాకు చిత్రలేఖనంలో మంచి ప్రవేశం ఉంది. ఆమె భర్త బద్రుద్దీన్ తయ్యబ్‌జీ ఐసీఎస్ అధికారి. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించిన జస్టిస్ బద్రుద్దీన్ తయ్యబ్‌జీకి ఆయన మనుమడు. తాత పేరే మనుమడికి పెట్టారు కనుక చదువరులు తరచుగా ఇద్దరినీ ఒకరిగా పొరబడుతుంటారు. ఈ మనుమడు అనంతర కాలంలో పలు దేశాల్లో భారత రాయబారిగా, 1962 నుంచి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. సురయ్యా 1978లో కన్నుమూశారు.

ఇక 1947 వేసవికి వద్దాం. స్వాతంత్ర్యం వారాల దూరంలో ఉంది. దేశం రెండుగా చీలుతోంది. కొత్త రాజ్యానికి ఒక పతాకం, ఒక చిహ్నం కావాలి. జూన్ నెలలో రాజ్యాంగ సభ బాబూ రాజేంద్ర ప్రసాద్ అధ్యక్షతన పతాక సంఘాన్ని నియమించింది. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్, సరోజినీ నాయుడు, రాజగోపాలాచారి, డాక్టర్ అంబేద్కర్ అందులో సభ్యులు. సంఘం ముందున్నది 1931లో కాంగ్రెస్ ఆమోదించిన జెండా. పైన కాషాయం, నడుమ తెలుపు, కింద ఆకుపచ్చ, తెలుపు మీద రాట్నం. దానిని యథాతథంగా తీసుకుంటే ఒక పార్టీ జెండాయే దేశపు జెండా అయినట్టు అవుతుంది. పూర్తిగా కాదంటే దానిని పట్టుకుని లాఠీదెబ్బలు తిన్నవారి త్యాగాన్ని కాదన్నట్టు అవుతుంది. అందుకే రంగులు అలాగే ఉంచి, రాట్నం స్థానంలో అశోకుని ధర్మచక్రాన్ని నిలిపారు. జూలై 22న పండిత నెహ్రూ ఆ తీర్మానాన్ని సభలో ప్రవేశపెట్టారు, సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఈ మార్పునకు నెహ్రూ ఆ రోజు సభకు చెప్పిన ఒక కారణం మన ఇళ్లలో కుట్టుపని చేసే స్త్రీలకు వెంటనే అర్థమవుతుంది. జెండాకు రెండు ముఖాలుంటాయి. ఎటు నుంచి చూసినా అది ఒకేలా కనిపించాలి. రాట్నానికి ఒక పక్క చక్రం, మరో పక్క కదురు ఉంటాయి. గుడ్డ వెనుకవైపు నుంచి చూస్తే అవి తారుమారవుతాయి. చక్రానికి ఆ ఇబ్బంది లేదు. కుడి ఎడమల భేదం దానికి లేదు. చక్రం ధర్మానికి సంకేతమా, చలనానికి సంకేతమా అని వ్యాసాలు రాసినవారు చాలామంది ఉన్నారు గానీ, గుడ్డ వెనుకవైపు గురించి ఆలోచించినవారు తక్కువ. బల్ల మీద పరచిన కాగితాన్ని మాత్రమే చూసేవారికి తట్టని విషయమిది. చేత్తో గీసి, గుడ్డ కత్తిరించి చూసినవారికే తడుతుంది.

సురయ్యా పాత్ర ఈ ఘట్టంలోనే. దానిని గురించి మనకు చేరిన కథనాలు ప్రధానంగా రెండు. మొదటిది బ్రిటిష్ చరిత్రకారుడు ట్రెవర్ రాయల్ 1989లో ప్రచురించిన 'ద లాస్ట్ డేస్ ఆఫ్ ద రాజ్' గ్రంథంలో ఉంది. రాట్నం ఒక పార్టీ గుర్తు కనుక అది తగదని బద్రుద్దీన్ తయ్యబ్‌జీ భావించారని, మొదట ఇష్టపడని గాంధీజీని నచ్చజెప్పి చక్రానికి ఒప్పించారని ఆయన రాశారు. ఆ రాత్రి నెహ్రూ కారు మీద ఎగిరిన జెండాను ప్రత్యేకంగా తయారుచేసినది తయ్యబ్‌జీ సతీమణి అని కూడా పేర్కొన్నారు. రెండవ కథనం ఆ దంపతుల కుమార్తె లైలా తయ్యబ్‌జీది. చేతివృత్తుల వారి కోసం 'దస్తకార్' సంస్థను నెలకొల్పినవారిలో ఒకరైన ఈమెకు 2012లో పద్మశ్రీ లభించింది. జాతీయ చిహ్నం కోసం కళాశాలల నుంచి వచ్చిపడిన నమూనాలు చాలావరకు బ్రిటిష్ రాజముద్రకు నకళ్లలా ఉన్నాయని, సమయం మించిపోతున్న వేళ సారనాథ్ అశోక స్తంభపు సింహాలను, చక్రాన్ని వాడుకోవచ్చన్న ఆలోచన తన తల్లిదండ్రులిద్దరికీ తట్టిందని ఆమె రాశారు. తల్లి దానిని రేఖల్లో గీయగా వైస్రాయ్ భవనంలోని ముద్రణాలయంలో ప్రతులు తీశారట. రైసినా కొండ మీద ఎగిరిన తొలి జెండాను ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లోని ఒక దర్జీ దుకాణంలో తల్లి దగ్గరుండి కుట్టించారట. అప్పటికి సురయ్యా వయస్సు 28 సంవత్సరాలు.

ఈ రెండు కథనాలను పక్కపక్కన పెట్టి చదవండి. రాయల్ రచనలో ఆలోచన భర్తది, కుట్టు భార్యది. కుమార్తె రచనలో ఆలోచన ఇద్దరిది, గీత మాత్రం తల్లిది. సురయ్యాకు పేరు తెచ్చిపెట్టిందని మనం చెప్పుకునే పుస్తకమే ఆమె మేధను భర్త ఖాతాలో వేసి, ఆమెకు సూదీదారం మిగిల్చింది. ఇది ద్వేషంతో జరిగినది కాదు. కార్యాలయంలో ఉన్నది భర్త, దస్త్రాల మీద సంతకం భర్తది, చరిత్రకారునికి అందుబాటులో ఉన్నదీ భర్త మాటే. ఇంటి బల్ల మీద గీసిన బొమ్మకు దస్త్రం ఉండదు.

అయితే ఈ కథనాల బలమెంత? దీనిని తేల్చడానికి మన సముదాయం వేరెవరి నుంచో పద్ధతిని అరువు తెచ్చుకోనవసరం లేదు. హదీసువేత్తలు మనకు ఇచ్చి వెళ్లిన విద్య ఉన్నది. ఒక మాట చెవిన పడగానే వారు మొదట అడిగేది 'ఎవరు చెప్పారు, ఎవరి నుంచి విన్నారు' అని. దానినే ఇస్నాద్ అంటాం. ఆ తరువాతే ఆ మాటలో ఏముందో చూస్తారు. చెప్పినవారు స్వయంగా చూశారా, విని చెప్పారా, వారి జ్ఞాపకశక్తి ఎలాంటిది, వేరొకరు కూడా అదే చెప్పారా అని విచారిస్తారు. ఈ గొలుసు సరిగా లేని మాట ఎంత మధురంగా ఉన్నా పక్కన పెట్టేస్తారు.

ఆ విద్యలో మరొక విశేషం ఉంది. కథనం చేయడంలో స్త్రీ మాట పురుషుని మాటకు సమానం. అప్పుల ఒప్పందాల విషయంలో సాక్షుల సంఖ్యను గురించి అల్ బఖరా సూరాలో వచ్చిన ఆదేశాన్ని హదీసు ఉల్లేఖనకు వర్తింపజేయరాదని విద్వాంసులు స్పష్టంగా వేరుచేశారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసులు రెండు వేలకు పైబడి ఉన్నాయి. ఆమె ఒక్కరే చెప్పిన మాట మీద ధర్మశాస్త్ర నిర్ణయాలు నిలిచాయి. తొలి ఖలీఫా కాలంలో సంకలనమైన ఖుర్ఆన్ పత్రాలు చివరకు హజ్రత్ హఫ్సా (రజి) ఇంట భద్రంగా ఉన్నాయి. ప్రతులు రాయించేందుకు హజ్రత్ ఉస్మాన్ (రజి) వాటిని ఆమె వద్ద నుంచే తెప్పించుకుని, పని ముగిశాక తిరిగి ఆమెకే పంపారు. ఎవరి ఇంటి నుంచి వచ్చాయో పేరుతో సహా నమోదు చేశారు. హిజ్రీ ఐదవ శతాబ్దంలో మక్కాలో సహీహ్ బుఖారీ బోధించిన కరీమా అల్ మర్వజియ్యా వద్ద పాఠం విన్నవారిలో 'తారీఖ్ బగ్దాద్' కర్త ఖతీబ్ అల్ బగ్దాదీ ఉన్నారు. ఇమామ్ సఖావీ తన కాలపు ప్రముఖుల చరిత్రను పన్నెండు సంపుటాల్లో రాసి, చివరి సంపుటాన్ని పూర్తిగా స్త్రీలకే కేటాయించారు. అందులో వెయ్యికి పైగా స్త్రీల పేర్లున్నాయి. మన కాలంలో డాక్టర్ ముహమ్మద్ అక్రమ్ నద్వీ సుమారు పదివేల మంది హదీసు విదుషీమణుల జీవితాలను సేకరించి, అరబ్బీలో 43 సంపుటాలుగా వెలువరించారు.

స్త్రీల పేర్లు చరిత్రకు ఎక్కవనేది సృష్టి నియమం కాదన్నమాట. రాయాలనుకున్నవారు రాశారు. మనం మానేశాం.

ఆ కొలబద్దతోనే సురయ్యా విషయాన్ని చూద్దాం. లైలా తయ్యబ్‌జీ 1947లో పుట్టిన బిడ్డ. కనుక ఆమె కంటితో చూసి చెప్పిన సాక్షి కారు, తల్లిదండ్రుల నోట విని చెప్పినవారు. ఇంటివారి మాటలో మమకారం కలిసే అవకాశం ఉంటుంది. రాయల్ బయటివారే, కానీ ఆయన పుస్తకం ఘటన జరిగిన నాలుగు దశాబ్దాల తరువాతిది. ఒకరు నెహ్రూ కారు మీది జెండా అన్నారు, మరొకరు రైసినా కొండ మీది జెండా అన్నారు. వివరాల్లో ఈ తేడా ఉన్నా మూలాంశంలో ఇద్దరూ ఏకీభవిస్తున్నారు. చక్రం గల జెండా తొలి ప్రతి సురయ్యా చేతుల మీదుగా వచ్చింది. రాజ్యాంగ సభ కార్యకలాపాల్లో మాత్రం రూపకర్త అంటూ ఆమె పేరు గానీ, ఆమె భర్త పేరు గానీ, ఆ మాటకొస్తే వెంకయ్య పేరు గానీ నెహ్రూ తీర్మానంలో లేదు. ఆ తీర్మానం రంగులు, నిష్పత్తి, చక్రం ఎలా ఉండాలో చెప్పి ఊరుకుంటుంది.

ఇక్కడ గమనించవలసిన మాట మరొకటి ఉంది. తామేదో కొత్తగా సృష్టించామని తన తల్లిదండ్రులు ఎన్నడూ అనుకోలేదని, దేశానికి ఎప్పటి నుంచో ఉన్న దానినే గుర్తుచేశామని భావించేవారని కుమార్తె రాశారు. సురయ్యా కోసం ఆమె స్వయంగా కోరని కిరీటాన్ని మనం ఫోన్లలో పంచుతున్నాం. తాము చేయని పనులకు ప్రశంసలు ఆశించేవారిని ఆలి ఇమ్రాన్ సూరా తీవ్రంగా హెచ్చరించింది. మరణించినవారి పేరిట మనం ఆశించినా ఆ హెచ్చరిక బరువు తగ్గదు. అన్నిసా సూరాలో న్యాయం కోసం సాక్షులుగా నిలబడమన్న ఆదేశం ఉంది. ఆ సాక్ష్యం స్వయంగా మనకు, మన బంధువులకు వ్యతిరేకంగా ఉన్నా సరే అని అందులో స్పష్టంగా ఉన్నది. ఒక సముదాయం తనవారి గొప్ప చెప్పుకునేటప్పుడే ఈ ఆదేశం ఎక్కువగా గుర్తుండాలి.

అదే కొలబద్దను వెంకయ్య విషయంలోనూ ప్రయోగిద్దాం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ సంఘం బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అనే లక్ష్యాలు పెట్టుకున్నది ఆ సమావేశంలోనే. రెండు వారాలు తిరగకుండానే, ఏప్రిల్ 13న గాంధీజీ తన 'యంగ్ ఇండియా' పత్రికలో జాతీయ పతాకం మీద వ్యాసం రాశారు. బందరు జాతీయ కళాశాలకు చెందిన వెంకయ్య ఎన్నో ఏళ్లుగా జెండా కోసం పట్టుదలతో తిరుగుతున్నారని, దేశదేశాల పతాకాల గురించి పుస్తకం వేసి నమూనాలు సూచించారని అందులో ఉంది. ఆ నమూనాలేవీ తన మనస్సును కదిలించలేదని గాంధీజీ దాచుకోకుండా చెప్పారు. జెండా మీద రాట్నం ఉండాలన్న ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌దని పేరు పెట్టి రాశారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం గల నమూనా ఇమ్మని బెజవాడలో అడగగా వెంకయ్య మూడు గంటల్లో సిద్ధం చేశారట. ఇతర మతాల వారి కోసం తెలుపు చేర్చాలన్నది ఆ తరువాత గాంధీజీకి కలిగిన ఆలోచన.

ఇది ఎంత బలమైన సాక్ష్యమో చూడండి. చెప్పినవారు ఘటనలో పాల్గొన్నవారు. రాసినది రెండు వారాల లోపు. ఎవరి వాటా ఎంతో వేరువేరుగా పంచిపెట్టారు. రాట్నం హన్స్‌రాజ్‌ది, చేత వెంకయ్యది, తెలుపు తనది. సురయ్యాకు కరువైనది ఇదే. 1947లో ఆమె బొమ్మ గీసిన రెండు వారాల లోపు ఎవరైనా ఇలాంటి ఒక వ్యాసం రాసి ఉంటే ఈనాడు ఫోన్లలో ఈ రగడ ఉండేది కాదు. ప్రతిభలో తేడా వల్ల వచ్చిన వ్యత్యాసం కాదిది. ఒకరి పని సభలో, నాయకుని కళ్ల ముందు జరిగింది. మరొకరి పని ఇంట్లో, దర్జీ బల్ల దగ్గర జరిగింది.

వెంకయ్యకు మాత్రం పేరు సులువుగా దక్కిందా? కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన ఆ మనిషి పత్తి వంగడాల మీద పరిశోధనలు చేసి 'పత్తి వెంకయ్య' అనిపించుకున్నారు, వజ్రాల నిక్షేపాల అధ్యయనంతో 'డైమండ్ వెంకయ్య' అనిపించుకున్నారు. 1963లో పేదరికంలో కన్నుమూశారు. తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసినది 2009లో. ఆ నడుమ దశాబ్దాల పాటు తండ్రి పేరును సజీవంగా ఉంచినవారిలో ఆయన కుమార్తె ఘంటసాల సీతామహాలక్ష్మి ఒకరు. 2021లో రాష్ట్ర ముఖ్యమంత్రి మాచర్లకు వెళ్లి ఆమెను సత్కరించారు. మరుసటి ఏడాది నూరేళ్ల వయస్సులో ఆమె మరణించారు. అక్కడ ఒక కుమార్తె తండ్రి పేరు నిలిపింది, ఇక్కడ ఒక కుమార్తె తల్లి పేరు నిలిపింది. ఈ రెండు గొలుసుల చివర ఉన్నవారు ఇద్దరూ స్త్రీలే కావడాన్ని, ఫోన్లలో తగువులాడుకునే మగవారు ఒకసారి గమనిస్తే బాగుంటుంది.

నిజానికి ఈ జెండా దారి పొడవునా స్త్రీలు కనిపిస్తారు. 1907 ఆగస్టు 22న జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో పరాయి గడ్డ మీద భారత స్వాతంత్ర్య పతాకాన్ని ఎత్తినది పార్సీ మహిళ భికాజీ కామా. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి సభలో భారత స్త్రీల పక్షాన పతాకాన్ని బహూకరించినది హంసా మెహతా. ఆ పని చేయవలసిన సరోజినీ నాయుడు ఆ రాత్రి సభలో లేరు. ఈ సభ మీద ఎగిరే తొలి జెండా స్త్రీల కానుక కావడం సముచితమని హంసా మెహతా అన్నారు. అన్నదెంత నిజమో ఆ సభలో ఎంతమందికి తెలుసు?

దర్జీ దుకాణంలో ఆ జెండాను కుట్టిన కార్మికుని పేరు మాత్రం ఈ రెండు కథనాల్లోనూ లేదు.

ఇలాంటి చిక్కు మన సొంత చరిత్రలోనూ ఉన్నది. ఫెస్ నగరంలోని ఖరవియ్యీన్ మసీదును, దాని చుట్టూ పెరిగిన విద్యాపీఠాన్ని ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ తన వారసత్వ సంపదతో క్రీ.శ. 859లో నెలకొల్పారని ఎన్నో వేదికల మీద వింటుంటాం. ఆ విషయాన్ని మనకు అందించిన ఇబ్న్ అబీ జర్అ 14వ శతాబ్దం వారు. నడుమ సుమారు ఐదు శతాబ్దాల ఎడం ఉంది. మరమ్మతుల సమయంలో బయటపడిన ఒక శాసనంలో వేరొక రాకుమారుని పేరు కనిపించిందని పరిశోధకులు ఎత్తి చూపుతారు. అలాగని ఫాతిమా పేరు చెప్పడం మానాలా? అక్కరలేదు. 'ఇబ్న్ అబీ జర్అ ఇలా రాశారు' అని చెబితే చాలు. ఆ నాలుగు మాటలు చేర్చడానికి బద్ధకించడం వల్లనే, రేపు ఎవరో ఆధారం అడిగినప్పుడు మన పిల్లలు బిక్కమొహం వేసుకు నిలబడవలసి వస్తోంది.

సురయ్యా సందేశం ఇంత వేగంగా మన నడుమ తిరగడానికి అసలు కారణం మరొకటి ఉందని నా అభిప్రాయం. అది చరిత్ర మీద ఆసక్తి కాదు. ఈ దేశం మాది కూడా అని ఎవరికో రుజువు చూపాలన్న ఆరాటం. ఆ ఆరాటం వెనుక ఉన్న గాయం నాకు తెలియనిది కాదు. కానీ పౌరసత్వం రశీదు చూపించి తెచ్చుకునేది కాదు. జెండా గీసినది ముస్లిం స్త్రీ కాబట్టి మనకు ఇక్కడ చోటు ఉన్నదని వాదిస్తే, ఆమె గీయలేదని ఎవరైనా తేల్చిన రోజున చోటు పోతుందని ఒప్పుకున్నట్టే కదా! సురయ్యాను అంత చిన్న పనికి వాడుకోవద్దు. దేశం చీలి, బంధువులు చెల్లాచెదురవుతున్న ఆ వేసవిలో ఆమె ఎవరికీ రుజువు చూపడానికి గీయలేదు. పని అవసరమైంది, చేతిలో విద్య ఉంది, గీశారు. స్త్రీ అయినా పురుషుడైనా పనిచేసినవారి శ్రమను తాను వృథా కానీయనని అల్లాహ్ ఆలి ఇమ్రాన్ సూరాలో మాట ఇచ్చాడు. ఆమె ప్రతిఫలం మన సందేశాల మీద ఆధారపడి లేదు. మన నిజాయితీ మాత్రం ఆధారపడి ఉంది.

జాతీయ చిహ్నమైన నాలుగు సింహాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. రాజ్యాంగ మూలప్రతి పుటల అలంకరణ నందలాల్ బోస్ పర్యవేక్షణలో జరిగింది. అందులో సింహాల బొమ్మ గీసినవారిగా ఆయన శిష్యుడు దీనానాథ్ భార్గవ పేరు చెబుతారు. ఆ పని వేరు, 1947లో సురయ్యా గీశారని కుమార్తె చెప్పే బొమ్మ వేరు. ఒకదానితో మరొకదానిని కొట్టివేయనక్కరలేదు.

ఇక వక్తృత్వ పోటీకి సిద్ధమవుతున్న అమ్మాయిలకు. నీ ప్రసంగంలో ఈ విధంగా చెప్పమ్మా: 1921లో మా బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీ కోరిక మీద రాట్నం గల జెండా తయారుచేశారు, దానికి గాంధీజీ రచనే సాక్ష్యం. 1931లో అది కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగులకు మారింది. 1947లో రాట్నం స్థానంలో చక్రం వచ్చింది, ఆ జెండా తొలి ప్రతిని హైదరాబాదులో పుట్టిన సురయ్యా తయ్యబ్‌జీ సిద్ధం చేయించారని చరిత్రకారుడు ట్రెవర్ రాయల్, ఆమె కుమార్తె లైలా రాశారు. న్యాయనిర్ణేత ఎవరైనా ఇందులో ఒక్క అక్షరాన్ని కూడా తప్పు పట్టలేరు. ఒకవేళ పట్టినా ఎవరు రాశారో చెప్పగలవు కనుక తడబడనవసరం లేదు.

పోటీకి ముందు వీలు చూసుకుని మీ అబ్బాతోనో అన్నయ్యతోనో బందరు రోడ్డులోని బాపూ మ్యూజియానికి వెళ్లి రా. పూర్వం దానిని విక్టోరియా జూబిలీ మ్యూజియం అనేవారు. వెంకయ్య గాంధీజీకి జెండా అందజేసినది అక్కడేనని ఊరివారు చెప్పుకుంటారు. ప్రసంగంలో ఆ మాట వాడితే 'ఊరివారు చెప్పుకుంటారు' అనే రెండు మాటలనూ వదిలిపెట్టకు.